వెల్ల నుంచి షేడ్ కార్డు దాకా

గోడ గురించి తెలుగులో ఉన్న పాత క్రియలన్నీ ఒకసారి వరసగా రాసుకుని చూడండి. అలకడం, మెత్తడం, పూయడం, వెల్ల వేయడం, సున్నం కొట్టడం. వీటిలో ఎక్కడా రంగు లేదు. ఉన్న ఒక్క రంగూ తెలుపు. అదీ పనిలోనే కలిసిపోయింది, వెల్ల అంటేనే తెలుపు కాబట్టి. అదే చీరల దగ్గరికి వెళ్తే వేరే ప్రపంచం: వంకాయ రంగు, నెమలికంఠం, చిలకాకుపచ్చ, మామిడిపిందె, కనకాంబరం, గంధం, తేనె, రాణి. మా అమ్మమ్మ ఒక్క ఎరుపులోనే నాలుగైదు రకాలు ఆగకుండా చెప్పేది. గోడ విషయానికొస్తే ఆమెకి ఉన్న ప్రశ్న ఒక్కటే: "సున్నాలు వేయించారా?"

నెల్లూరులో ఒక పెయింట్ల షాపుకి పోతే ఇప్పుడు అడిగే ప్రశ్న వేరు. నాన్న ఇంటికి రంగులు వేయిద్దామని పోయినప్పుడు కౌంటర్లో అబ్బాయి ట్యాబ్ నా చేతికిచ్చాడు. మీకు ఉదయం ఇష్టమా సాయంత్రం ఇష్టమా, నలుగురిలో ఉండటం ఇష్టమా ఒంటరిగానా, ఇలా ఓ అయిదారు ప్రశ్నలు. అన్నీ నొక్కితే నాది ప్రశాంతమైన వ్యక్తిత్వమనీ, దానికి తగిన రంగు లేత నీలమనీ తేల్చింది. నాన్న పక్కనుంచి చూస్తూ, "నీలం నీకు బాగానే కుదిరిందిరా, ఇల్లు నాది గదా!" అన్నాడు. ఆ షాపులో ఆ రోజు అన్నిటికంటే తెలివైన మాట అదేనని నా అభిప్రాయం. గోడ ఎవరిదో తేలకుండా గోడ రంగు ఎవరి వ్యక్తిత్వమో ఎలా తేలుతుంది? ఈ తీరంలో ఆ ప్రశ్నకి ఒక్కో కాలంలో ఒక్కో జవాబు వచ్చింది.

మొదట తెలుపు సంగతి. కావలి వైపు నుంచి కిందికి పులికాట్ దాకా మా తీరంలో సున్నపురాయి కొండలు లేవు. గుల్లలున్నాయి. పులికాట్ సరస్సు అడుగున పాతకాలపు ఆలిచిప్పల గుల్ల మేటలు మేటలుగా ఉంది. దాన్ని తవ్వి, బట్టీల్లో కాల్చి సున్నం చేయడం ఆ చుట్టుపక్కల చాలా పాత వృత్తి. తెలుగులో "ఇల్లు గుల్ల చేశాడు" అంటే ఉన్నదంతా ఊడ్చేశాడని అర్థం. మా తీరంలో మాత్రం ఇల్లు నిలబడిందే గుల్ల మీద.

గుల్ల అంటే కాల్షియం కార్బొనేట్. దాన్ని ఎర్రగా కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి కాల్చిన సున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే సలసలా మరిగి తడి సున్నం అవుతుంది. గోడకి పూశాక అది గాల్లోంచి మళ్ళీ కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని గట్టిపడుతుంది. గట్టిపడ్డాక అదేమిటంటే, మళ్ళీ కాల్షియం కార్బొనేటే. అంటే వెల్ల వేసిన గోడ మీద రసాయనపరంగా ఉన్నది పల్చటి గుల్ల. చెరువులో జీవి తన ఒంటి చుట్టూ కట్టుకున్నదాన్ని మనిషి కరిగించి తన ఇంటి చుట్టూ కట్టుకున్నాడు. మద్రాసులో తెల్లదొరలు తెగ మెచ్చుకున్న "మద్రాస్ చునామ్", పాలరాయిలా మెరిసే ఆ గచ్చు, ఈ గుల్ల సున్నపు నునుపే.

అయితే సున్నానికి ఒక పట్టుదల ఉంది. అది గాఢమైన క్షారం. ఏ రంగు పడితే ఆ రంగుని తనలో బతకనివ్వదు. ఆకుల నుంచీ పూల నుంచీ తీసిన రంగుల్లో చాలావాటిని చంపేస్తుంది. 18వ శతాబ్దంలో యూరప్‌లో పుట్టిన ప్రష్యన్ బ్లూ కూడా సున్నంలో పడితే గోధుమరంగుకి తిరిగిపోతుంది. సున్నంతో పొత్తు కుదిరేవి ముఖ్యంగా ఇనుము కలిసిన మట్టి రంగులు: జాజు ఎరుపు, పచ్చమట్టి పసుపు. అంటే ఈ ఊళ్ళల్లో గోడకి దొరికే రంగులు మూడు. నా రోజువారీ పనిలో తెర మీద ఒక్కో చుక్కకి 1,67,77,216 రంగులు ఇవ్వొచ్చు. మా ముత్తాతకి ఉన్నవి తెలుపు, జాజు, పసుపు. "మీ వ్యక్తిత్వానికి తగినది ఎంచుకోండి" అంటే ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆ మూడింటికీ కూడా ముందే యజమానులున్నారు. జాజు, సున్నం పట్టెలు పట్టెలుగా వేస్తే అది గుడి గోడ. మామూలు సంసారి తన ఇంటికి అలా వేసుకోడు. పసుపు గడపది. అరుగుకీ గోడ అడుగుకీ ఎర్రమన్ను. ఇల్లు చూసి లోపలి మనిషి సరదావాడా, మౌనివాడా అని ఎవరూ లెక్క కట్టలేదు. సంక్రాంతి వచ్చిందా, పెళ్ళి కుదిరిందా, చావు మైల తీరిందా అన్నది మాత్రం తెలిసేది. కొత్త వెల్ల ఒక వార్త. చదవాల్సింది తేదీని, మనిషిని కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే ఈ తెలుపు మరీ అందంగా కనపడే ప్రమాదం ఉంది. వెల్ల అందరికీ లేదు. గుల్ల ఏరి, బట్టీ పెట్టి, బుట్టల్లో మోసినవాళ్ళవి చాలావరకు మట్టి గోడలు, తాటాకు కప్పులు. యానాదుల గుడిసెకి గోడే సరిగా ఉండేది కాదు, ఇక సున్నమెక్కడ? పాత ఫోటోల్లో తెల్లటి మిద్దెలు చూసి "ఎంత నిరాడంబరం" అని మురిసిపోయేవాళ్ళని చూస్తే నాకు కొంచెం చిరాకు. ఆ రోజుల్లో ఆ తెలుపే ఆడంబరం.

మరి అన్ని రంగుల పేర్లు తెలిసిన తీరంలో ఆ రంగులన్నీ ఎటు పోయాయి? గుడ్డకి పోయాయి. గుడ్డ ఓడెక్కింది.

డచ్చివాళ్ళు పులికాట్‌లో దిగింది 1610 ప్రాంతంలో. 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టారు. ఇంగ్లీషువాళ్ళు 1626 నాటికి కాస్త పైన దుగరాజపట్నంలో గిడ్డంగి పెట్టుకున్నారు. వాళ్ళ కాగితాల్లో ఆ చోటు పేరు ఆర్మగాన్. అక్కడ పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే అనే ఆయనే 1639లో ఇంకా దక్షిణానికి పోయి మద్రాసు స్థలం సంపాదించాడు. వీళ్ళంతా ఇంత ఇసుకలో పడి కొట్టుకున్నది రంగు గుడ్డల కోసం. నేసిన గుడ్డలు, అద్దిన గుడ్డలు, కలంతో రాసిన గుడ్డలు. ఆ గుడ్డల ఎరుపుకి ప్రాణం చిరివేరు. సముద్రపు ఒడ్డు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క, దాని వేరులో రంగు. విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి తెచ్చిన సంపుటాల్లో దీనికి బొమ్మ, వివరం ఉన్నాయి. ఆ వేరులో ఉండే అలిజరిన్ పటికతో కలిసి గుడ్డని పట్టుకుంటుంది. కాల్షియం తోడైతే ఎరుపు ఇంకా నిగ్గు తేలుతుంది. గుల్ల పొడి నిండిన ఇసుకలో ఆ కాల్షియానికి కరువు లేదు. గోడని తెల్లగా ఉంచిన పదార్థమే గుడ్డని ఎర్రగా చేయడానికి సాయం పట్టింది.

నాకు అన్నిటికంటే వింతగా అనిపించేది దీని తరవాతి సంగతి. కోరమాండల్ గుడ్డలు లండన్‌లో, పారిస్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒంటి మీదికే కాదు, మంచాల తెరలకీ గోడలకీ ఎక్కాయి. పూలూ తీగలూ ఉన్న మన అద్దకం గుడ్డని గోడ నిండా వేలాడదీసుకోవడం అక్కడ పెద్ద ఫ్యాషన్. ఎంత ఫ్యాషనంటే అక్కడి నేతగాళ్ళు గొడవ చేసి ఫ్రాన్స్‌లో 1686లో, ఇంగ్లండ్‌లో 1700లో, మళ్ళీ 1721లో వీటి మీద నిషేధాలు తెప్పించారు. రంగు గోడల ఇల్లు, ఇంటి గదుల్లో యజమాని అభిరుచి కనపడాలన్న ఉబలాటం, ఇవి యూరప్ మధ్యతరగతికి అలవాటు కావడంలో మన తీరపు అద్దకంవాళ్ళ చేతులున్నాయి. ఆ చేతులు మాత్రం సాయంత్రానికి మట్టి గోడల మధ్యకో, మహా అయితే వెల్ల గోడల మధ్యకో తిరిగొచ్చాయి.

నీలిమందుదీ దాదాపు అదే కథ. 19వ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీలో నీలి పండిన ముఖ్యమైన జిల్లాల్లో కడప, కర్నూలుతో పాటు నెల్లూరు ఉంది. 1897లో జర్మనీలో బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ కృత్రిమ నీలిమందుని మార్కెట్లోకి దించాక ఆ సేద్యం నిలవలేకపోయింది. పేరు మాత్రం మిగిలింది. బట్టలకీ సున్నంలోకీ వాడే నీలం పొడిని ఇప్పటికీ చాలామంది నీలిమందనే అంటారు. నిజానికది అల్ట్రామెరైన్. ఒకప్పుడు ఆఫ్ఘనిస్తాన్ కొండల్లోని రాయిని నూరి చేసేవాళ్ళు, బంగారమంత ఖరీదు. దాన్ని కృత్రిమంగా చేసే దారి 1820లలో ఫ్రాన్స్‌లో గీమే అనే ఆయన కనిపెట్టాడు. అల్ట్రామెరైన్ సున్నానికి లొంగదు, అలాగే ఉంటుంది. అందుకే వెల్లలోకి వచ్చిన మొదటి కొత్త రంగు అదే అయింది. కేంద్ర ప్రజాపనుల శాఖ వెల్ల వేయడానికి రాసుకున్న నిబంధనల్లో జిగురుతో పాటు కిలో సున్నానికి 3 గ్రాముల దాకా నీలి కలపాలని ఉంటుంది. అంత కొంచెం ఎందుకంటే గోడని నీలం చేయడానికి కాదు, సున్నంలోని పసుపు ఛాయని చంపి ఇంకా తెల్లగా చూపడానికి. మొదటిసారి చేతికందిన రంగుని కూడా తెలుపు సేవకే పెట్టాం! చెయ్యి జారి ఎక్కువ పడితే గోడ నీలమయ్యేది. లేత నీలం గోడలు మా వైపు ఊళ్ళల్లో చాలా చూశాను. వాటిలో ఎన్ని ఇష్టపడి వేయించుకున్నవో, ఎన్ని చెయ్యి జారినవో గోడల్ని అడగాలి.

అసలు రంగులు వచ్చింది సిమెంటుతో. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను మా పెద్దవాళ్ళకి ఒక కాలమానం. "తుపానుకి ముందు", "తుపాను తరవాత" అని సంవత్సరాలు లెక్కపెడతారు. ఎగిరిపోయిన తాటాకు కప్పుల స్థానంలో మెల్లగా స్లాబులు లేచాయి. దాని వెనకే రొయ్యలొచ్చాయి. 90ల మొదట్లో కండలేరు పాయ పొడవునా చెరువులే. రొయ్యల డబ్బుతో లేచిన మేడలు గులాబీ, ఆకుపచ్చ, ముదురు పసుపు. ఇంటి ముందు నించుని "ఇది నాది" అని అరిచినట్టుండేవి. చదువుకున్నవాళ్ళు వాటిని చూసి ముక్కు విరిచేవాళ్ళు, నాకు మాత్రం అవంటే ఇష్టం. మూడు తరాలు బూడిదరంగు మట్టి గోడ మధ్య బతికినవాడికి ఒక్కసారి డబ్బొస్తే లేత గోధుమరంగు ఎంచుకుంటాడా? తరవాత 1994, 95ల్లో తెల్లమచ్చ తెగులొచ్చి చెరువులు ఖాళీ అయ్యాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరానికి మరీ దగ్గరగా ఉన్న రొయ్యల చెరువుల్ని తీసేయమంది. మేడలు మిగిలాయి, రంగులు ఉప్పుగాలికి వెలిశాయి. మళ్ళీ వేయించే స్తోమత ఎవరికుందో, ఎవరికి లేదో ఓ పదేళ్ళపాటు వీధిలో నడిస్తేనే తెలిసిపోయేది.

ఆ మెరుపు పసుపుల్లో, నారింజల్లో చాలాకాలం సీసం ఉండేది. మన దేశంలో ఇళ్ళ పెయింట్లలో సీసాన్ని 90 పీపీఎంకి పరిమితం చేసే నిబంధనలు 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలయ్యాయి. రంగు ఎంచుకునే క్విజ్‌లో ఈ ప్రశ్న ఉండదు.

షేడ్ కార్డు భాషకి కూడా చరిత్ర ఉంది. ఏషియన్ పెయింట్స్ 1942లో బొంబాయిలో మొదలైంది. చేతిలో కుంచె పట్టుకున్న అల్లరి పిల్లాడు గట్టు, ఆర్.కె. లక్ష్మణ్ గీసిన బొమ్మ, 1954లో వచ్చాడు. గట్టు కాలంలో అమ్మినది మన్నిక, చవక. ఆ తరవాత షాపుల్లోకి టింటింగ్ మిషన్లొచ్చాయి. డబ్బాలో తెల్లటి బేస్ ఒకటి, పైన ఓ డజను గాఢమైన రంగులు. కంప్యూటరు లెక్కకట్టి చుక్కలు చుక్కలుగా వదిలితే వేల ఛాయలు. వేల ఛాయలు చేతికొచ్చాక "మన్నిక" అనే మాట చాలదు, ఈ 1,500వ ఛాయ నీకే ఎందుకు కావాలో చెప్పాలి. 2000ల మొదట్లో ప్రతి ఇల్లూ తన మనుషుల గురించి ఏదో చెబుతుందని టీవీ ప్రకటనలు చెప్పడం మొదలుపెట్టింది అందుకే. మిషన్ ముందు వచ్చింది, మన వ్యక్తిత్వం తరవాత వచ్చింది.

రంగుకీ స్వభావానికీ ముడి పెట్టడం కొత్తేమీ కాదు. గోథే 1810 నాటి పుస్తకంలో ఏ రంగు మనసుని ఏం చేస్తుందో రాశాడు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త మాక్స్ లూషర్ 1947లో రంగు అట్టల్ని వరసగా ఎంచుకోమని, దాన్నిబట్టి మనిషిని చదివే పరీక్ష ఒకటి తయారుచేశాడు. మనస్తత్వ శాస్త్రంలో దానికి పెద్ద నిలకడ దొరకలేదు. పత్రికల వెనకపేజీల్లో, ఇప్పుడు ట్యాబుల్లో హాయిగా బతుకుతోంది. నన్ను ఆపే విషయం వేరే ఉంది. తెలుగులో రంగు అనే మాట మీద నమ్మకమే తక్కువ. రంగు బయటపడింది అంటాం, రంగులు మారుస్తాడంటాం, రంగు వెలిసింది అంటాం. నాటకానికి ముఖానికి రంగు వేసుకుంటాం. మన నుడికారంలో రంగు వేయడం అంటే మనిషి తనని దాచుకునే పని, అది పోయినప్పుడే అసలు మనిషి కనపడతాడు. షేడ్ కార్డు సరిగ్గా దీన్ని తిరగేసి చెబుతోంది.

ఆ షేడ్ కార్డులో సముద్రం పేరు పెట్టినవన్నీ నీలాలు. మైపాడు ఒడ్డున నిలబడి చూడండి, మన సముద్రం ఎన్ని రోజులు నీలంగా ఉంటుందో. దగ్గరలో మట్టి రంగు, దూరంగా బూడిద కలిసిన ఆకుపచ్చ. అసలు మన తీరం ఆ డబ్బాలో లేకపోలేదు, పేరులో కాకుండా పదార్థంలో ఉంది. గోడ మీద ముత్యంలా మెరిసే పెయింట్ల మెరుపు టైటానియం డయాక్సైడ్ పూత పూసిన అభ్రకం రేకులది. గూడూరు చుట్టుపక్కల అభ్రకం గనుల పేరు ఒకప్పుడు ప్రపంచమంతా తెలుసు, నెల్లూరు ఆకుపచ్చ అభ్రకానికి వ్యాపారంలో వేరే గుర్తింపు. ఇక డబ్బాలోని తెలుపు, ఆ టైటానియం డయాక్సైడే, కేరళ చవర లాంటి తీరాల నల్ల ఇసుక నుంచి తీసేది. తెలుపు అప్పుడూ సముద్రపు ఒడ్డు నుంచే వచ్చింది, గుల్లకి బదులు ఇసుక.

మళ్ళీ నాన్న ప్రశ్నకొస్తాను, గోడ ఎవరిది. ఈ ప్రశ్న మన రాష్ట్రంలో సుప్రీంకోర్టు దాకా పోయింది. 2019లో ప్రభుత్వం మారాక పంచాయతీ భవనాలకి ఆకుపచ్చ, నీలం, తెలుపు పడ్డాయి. అవి అప్పటి అధికార పార్టీ జెండా రంగులు. అంతకుముందు ప్రభుత్వం కట్టిన అన్న క్యాంటీన్లు అప్పటి పార్టీ పసుపులో ఉండేవన్నదీ మరిచిపోనక్కర్లేదు. 2020 మార్చిలో హైకోర్టు ఆ రంగులు తీసేయమంది. ఏప్రిల్‌లో ప్రభుత్వం 623 నంబరు జీవో ఇచ్చింది. ఆ మూడు రంగులకీ మట్టి రంగు జతచేసి వాటికి అర్థాలు చెప్పింది: మట్టి రంగు నేలకి, ఆకుపచ్చ వ్యవసాయానికి, నీలం చేపలూ రొయ్యల సాగుకి, తెలుపు పాడికి. రంగుల మనస్తత్వం మీద మన దగ్గర వచ్చిన అధికారిక పత్రం ఇదొక్కటే అనుకుంటాను. షేడ్ కార్డు రాసేవాళ్ళు కూడా ఇంత ధైర్యంగా రాయరు. హైకోర్టు మేలో దాన్ని కొట్టేసింది, జూన్ 3న సుప్రీంకోర్టు సమర్థించి నాలుగు వారాల గడువిచ్చింది. ప్రజల డబ్బుతో వేసిన రంగుని ప్రజల డబ్బుతోనే గీకారు. ఊరుమ్మడి గోడకి ఒకడి వ్యక్తిత్వం పూయకూడదని కోర్టు చెప్పిందని నేను అర్థం చేసుకున్నాను.

సొంత గోడలూ అంత సొంతమేం కాదు. రోడ్డు పక్క ఊళ్ళల్లో సిమెంటు కంపెనీలూ సెల్ కంపెనీలూ ఉచితంగా రంగు వేసి పెడతామంటే చాలామంది ఒప్పుకున్నారు. జీవితంలో మొదటిసారి గోడకి పెయింట్ పడింది అలాగే అయిన ఇళ్ళున్నాయి. ముంబై దాడుల తరవాత చేపల పడవలకి కూడా ఒక్కో తీర రాష్ట్రానికి ఒక్కో రంగు గుర్తు పెట్టారు. తనకి నచ్చిన రంగు పడవకి వేసుకోవడం మత్స్యకారుడికి మిగిలిన కొద్దిపాటి విలాసాల్లో ఒకటి, అందులోనూ కొంత పోయింది.

సముద్రానికి ఈ గొడవలేవీ పట్టవు. ఇసుకలోని ఉప్పునీరు పునాదిలోంచి గోడలోకి ఎక్కుతుంది. వెల్ల వేసిన గోడ ఊపిరి పీలుస్తుంది, చెమ్మ బయటికి పోతుంది, సున్నం పొడిగా రాలితే మళ్ళీ వేస్తారు. ప్లాస్టిక్ పొరలాంటి ఎమల్షన్ చెమ్మని పోనివ్వదు. ఉప్పు పొర వెనకే గడ్డకట్టి, పొక్కులు లేపి, షేడ్ నంబరుతో సహా పెచ్చులుగా ఊడదీస్తుంది. మా ఇంటికి చివరికి ఏ రంగు వేశామంటే, పెయింటర్ చెప్పినది: బయట తూర్పు గోడకి ఏదైనా లేత రంగు, ఎందుకంటే దాన్ని రెండేళ్ళకోసారి ఎటూ వేయాల్సిందే, ముదురైతే అతుకులు కనపడతాయి. నాన్న పేరుకి క్రీమ్ కలర్ అన్నాడు.

డాబా మీదికి మాత్రం ఎవరూ షేడ్ కార్డు తీసుకెళ్ళరు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, ఎండని తిప్పికొట్టే తెల్లటి పైకప్పులు వేసుకోమంది. నెల్లూరు ఎండలకి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. మార్చి దాటితే మా వీధిలో గులాబీ ఇల్లు, పచ్చ ఇల్లు, నాన్న క్రీమ్ కలర్ ఇల్లు అన్నిటి డాబాల మీదికీ సున్నం బస్తాలు ఎక్కుతాయి, బక్కెట్లో కాస్త జిగురు, చిటికెడు నీలం.